ఫిడేలుకు తగిన పెట్టె

మా పిన్ని సిటీ బస్సు నడిపేది. ఆవిడ బ్రేకు వేస్తే వేసినట్టే తెలిసేది కాదు. నిలబడ్డవాళ్లు పైనున్న కడ్డీ పట్టుకోవడం మరిచిపోయి కబుర్లలో పడేవారు. కిటికీ పక్కన కునుకు తీసేవాళ్లు తమ స్టాపు దాటిపోయాక ఉలిక్కిపడి లేచి, "కాస్త లేపకూడదామ్మా!" అని తిరిగి ఆవిడ మీదే విసుక్కునేవారు.

"నేను బస్సు నడపాలా, మిమ్మల్ని నిద్ర లేపాలా?" అనేది పిన్ని.

స్టీరింగు పట్టుకుంటే చాలు, ఆవిడ గొంతులో ఏదో ఒక కూనిరాగం తిరుగుతూ ఉండేది. ఆ కూనిరాగమే ఆవిడను ఫిడేలు దగ్గరికి చేర్చింది. డ్రైవరు వెనక సీట్లో రోజూ ఒక ఫిడేలు మాస్టారు కూర్చునేవారు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఒకరోజు సిగ్నలు దగ్గర బస్సు ఆగినప్పుడు ఆయన ముందుకు వంగి, "అమ్మాయ్, శ్రుతి తగ్గింది" అన్నారు.

"తగ్గింది నాది కాదండీ, ఇంజనుది. నేను దాని వెంటే పోతున్నాను" అంది పిన్ని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మాస్టారు చెవి ఒగ్గి విన్నారు. నిజమే. పచ్చదీపం వెలిగి ఇంజను గొంతు పెంచగానే పిన్ని గొంతు కూడా దానితోపాటే లేచింది. ఆయన అలా వింటూ వింటూ చివరి స్టాపులో దిగేముందు, "మా ఇల్లు ఇక్కడికి రెండు వీధుల అవతల. డ్యూటీ దిగాక వీలుంటే రా, నేర్పుతాను" అన్నారు. పిన్నికి అప్పటికే నలభై దాటాయి. ఈ వయసులో ఏమిటిది అని ఆవిడ అనుకోలేదు. మర్నాడే వెళ్లింది.

మొదటి సంవత్సరం ఇంట్లోవాళ్లు పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను, చెవులారా విన్నాను. బాబాయికి ఇంటి కిందే ఫ్రిజ్జులు బాగుచేసే దుకాణం ఉండేది. పైన పిన్ని సాధన మొదలుపెడితే, కింద ఫ్రిజ్జు తెచ్చినవాళ్లు కంగారుగా, "మీరు ఇంకా విప్పనే లేదు, అప్పుడే అరుస్తోందేమిటండీ?" అని అడిగేవారు. బాబాయి స్క్రూడ్రైవరుతో పైకప్పు చూపించి, "అది మా ఆవిడ. ఆ రిపేరు నా చేతుల్లో లేదు" అనేవాడు.

మెల్లగా ఆ అరుపు పాటయింది. మాస్టారి వేళ్లు కీళ్లనొప్పులతో బిగుసుకుపోవడం మొదలైనప్పుడు ఆయన తన ఫిడేలును, అది పెట్టుకునే పెట్టెతో సహా, పిన్ని ఒడిలో పెట్టి, "నా దగ్గరుంటే మూగదైపోతుంది, తీసుకుపో" అన్నారు. అప్పటినుంచి ఆ పెట్టె బస్సులో డ్రైవరు సీటు వెనక సందులో ప్రయాణం చేసేది. డ్యూటీ దిగిన సాయంత్రాలు పిన్ని దాన్ని భుజాన వేసుకుని ఒక బడి హాల్లో జరిగే వాద్యబృందం సాధనకు వెళ్లేది. అక్కడ ఆవిడ స్థానం వెనక వరసలో, గోడ పక్కన.

ఆ పెట్టె మటుకు ఘోరంగా ఉండేది. అట్టలా మెత్తబడిన చెక్క, పైన పొట్టు రేగిన నల్ల రెక్సిన్. గొళ్లాలు రెండూ ఎప్పుడో ఊడిపోయాయి. పిన్ని దాని నడుముకు బాబాయి పాత బెల్టు బిగించింది. "కొత్తది కొనుక్కోవచ్చు కదా పిన్నీ" అంటే కస్సుమనేది. "మాస్టారు ఇంతకాలం భుజాన మోసిన పెట్టె ఇది. పారేయడానికి చేతులెలా వస్తాయే?"

చివరికి ఆ బెల్టే కొంప ముంచింది. ఒక మధ్యాహ్నం బస్సు వంతెన దిగుతుండగా ముందు వెళ్తున్న వ్యాను మీంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఊడి, గాలికి పల్టీలు కొడుతూ రోడ్డు మధ్యకొచ్చి, ఎవరో తెచ్చి వేసినట్టు నాలుగు కాళ్ల మీద నిలబడింది. పిన్ని జన్మలో మొదటిసారి బ్రేకు మీద నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుర్చీకి కూడా తగల్లేదు. కానీ సీటు వెనకనుంచి పెట్టె జారి, బెల్టు పుటుక్కున తెగి, మూత తెరుచుకుని, ఫిడేలు బోర్లా పడి ఒక కాలేజీ అమ్మాయి పాదాల దగ్గర ఆగింది.

తీగ ఒకటి తెగింది. తీగల్ని మోసే చిన్న చెక్క వంతెన ఊడి సీటు కిందకి దొర్లింది. ఆ అమ్మాయి ఫిడేలును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి ఒడిలో పెట్టుకుంది. ఎవరో వంగి చెక్కను వెతికి పెట్టారు. పిన్ని అద్దంలోంచి ఒక్కసారి చూసి మళ్లీ గేరు వేసింది. చివరి స్టాపు దాకా పిన్ని కూనిరాగం తీయలేదు. అందరూ దిగిపోయాక స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. ఆ సంగతి ఆవిడే తర్వాత నాకు చెప్పింది, నవ్వుతూ.

ఫిడేలు బాగవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దాని ఒంటికి పగులు రాలేదు. బిగించిచ్చిన మేస్త్రీ మాత్రం, "ఇంజను వేడికి అతుకులు వదులవుతున్నాయి. దెబ్బకు ఆగడమే కాదు, వేడినీ ఆపే పెట్టె చూసుకోండి" అన్నాడు.

వేడి అన్న మాట వినగానే బాబాయిలో ఉత్సాహం ఉప్పొంగింది. "వేడి ఆపడం నా వృత్తి. నేను చేస్తాను ఆగు" అని పాత ఫ్రిజ్జు తలుపు ఒకటి కోసి, లోపల థర్మోకోల్ దట్టించి, రబ్బరు అంచు అతికించి, ఒక పెట్టె తయారుచేశాడు. మూత వేస్తే చప్పున అతుక్కునేది. తీయడానికి ఇద్దరు కావాలి. మొయ్యడానికీ ఇద్దరే.

పిన్ని దాని చుట్టూ తిరిగి చూసింది. ఆయన మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించింది. "ఏమండీ, బాగానే ఉంది కానీ, ఇందులో పెడితే నా పాట గడ్డకట్టదూ?"

బాబాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. "పోనీలే, చేపలవాడు అడిగితే ఇచ్చేస్తాను" అన్నాడు.

ఇక మాస్టారికి చెప్పక తప్పలేదు. పిన్ని తెగిన బెల్టుతో సహా ఆ పాత పెట్టెను పట్టుకుని వెళ్లి, తల వంచుకుని, జరిగింది చెప్పింది. "మీ గుర్తుగా ఉంచుకుందామనుకున్నాను మాస్టారూ. దీన్ని బాగుచేయించడానికి కూడా లేదంటున్నారు."

మాస్టారు పెట్టె వంక చూశారు. "ఇంకా దీన్ని పట్టుకు తిరుగుతున్నావా?"

"మీరు ఇచ్చిందని..."

"ఇచ్చింది ఫిడేలు. దీన్ని నువ్వు దారిలోనే పారేసుంటావనుకున్నాను. మా బావమరిది అంటగట్టిన పెట్టె ఇది. మూత నెత్తిమీద పడని రోజు లేదు. కొత్తది కొంటే వాడు బాధపడతాడని మా ఆవిడ కొననివ్వలేదు. ఎన్నాళ్లు భరించానో నాకే తెలుసు." ఆయన చెయ్యి గాల్లో ఊపారు. "నీకు నచ్చింది కొనుక్కోవమ్మా. దీన్ని మటుకు మా ఇంట్లో పెట్టి పోకు."

పిన్ని గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఆ వారమే బాబాయిని వెంటబెట్టుకుని వాద్యాల దుకాణానికి వెళ్లింది, ఫిడేలును దుప్పట్లో చుట్టి.

దుకాణం నడిపే ఆవిడ ఓపికగల మనిషి. ఏది చూపించమంటారని అడగకుండా ముందు పిన్ని ఫిడేలును చేతిలోకి తీసుకుని, "ఏ పెట్టైనా మీ వాద్యాన్ని పడుకోబెట్టి చూడాల్సిందే" అంది. "వీపు అడుక్కి ఆనకూడదు, కింద కాస్త ఖాళీ ఉండాలి. అప్పుడు పెట్టె కింద పడినా ఆ దెబ్బ దీనిదాకా రాదు. మెడ దగ్గర పట్టీ బిగుతుగా ఉండాలి. మూతలో కమాను మరీ కిందికి వేలాడితే ఫిడేలు ఒంటి మీద గీతలు పడతాయి."

పిన్ని తల ఊపుతూనే ఉంది కానీ కళ్లు మాత్రం పై అరలో ఉన్న ఒక పొడుగాటి పెట్టె మీదే ఉన్నాయి. లోపల దానిమ్మగింజ రంగు మఖమలు, ఇత్తడి గొళ్లాలు, కమానుకు రుద్దే గుగ్గిలం ముద్ద పెట్టుకోవడానికి బుల్లి అర, పాట కాగితాలకు సంచి. పెళ్లికూతురి నగలపెట్టెలా ఉంది. పిన్ని దాని మీద చెయ్యి వేసి మళ్లీ తీయలేదు.

"ఇది సీటు వెనక పడుతుందంటావా?" అన్నాడు బాబాయి.

"ఎందుకు పట్టదు?"

"ఒకరోజు ఉంచుకుని చూడండి" అంది దుకాణం ఆవిడ.

మర్నాడు డిపోలో ఖాళీ బస్సులో చూస్తే తెలిసింది. అడ్డంగా పెడితే పట్టలేదు. నిలబెడితే అద్దాన్ని మూసేసింది. వాలుగా పెడితే దారిలోకి పొడుచుకొచ్చింది. ఊడ్చేవాడు దాన్ని తట్టుకుని పడబోయి, "అమ్మా, దీనికి టిక్కెట్టు తీసుకున్నారా?" అన్నాడు. పిన్ని ఒకటికి పదిసార్లు అటూ ఇటూ తిప్పింది, అదేదో రాత్రికి రాత్రి సన్నబడుతుందన్నట్టు. ఆఖరికి మఖమలును చివరిసారి నిమిరి, తీసుకెళ్లి ఇచ్చేసింది. ఆ రోజంతా ముభావంగా ఉంది.

తర్వాత ఫిడేలు ఆకారంలోనే ఉండే సన్నపాటి పెట్టెలు చూశారు. ఒకటి దూదిలా తేలిక, కానీ అరచేత్తో నొక్కితే మూత లోపలికి కుంగింది. "ఎవరైనా సంచి పెడితే చాలు, తీగల మీద కూర్చుంటుంది" అని పిన్నే పక్కన పెట్టేసింది. మిగిలినవి రెండు. గట్టివే, గొళ్లాలవే. ఒకటి నిగనిగలాడే నలుపు, ఇంకొకటి పాలిపోయిన బూడిదరంగు. పిన్ని నలుపు అంది. బాబాయి జేబులోంచి ఫ్రిజ్జుల్లో పెట్టే థర్మామీటర్లు రెండు తీశాడు.

"రెండింటినీ మెట్ల మీద ఎండలో పెడతాను. మీకు అభ్యంతరం లేదుగా?"

దుకాణం ఆవిడ ఆయన కోసం కుర్చీ కూడా వేయించింది. దారినపోయేవాళ్లు ఆగి, ఏం వండుతున్నారని అడిగారు. కొంతసేపటికి బాబాయి మూతలు తీసి చూశాడు. నల్లదాన్లో పెట్టిన థర్మామీటరును పిన్ని చేతిలో పెట్టాడు. పిన్ని పట్టుకుని గబుక్కున వదిలేసింది.

బూడిదరంగుదే కొన్నారు. అందం మాటకొస్తే గుమ్మడికాయ మింగిన పాములా ఉంది. కాగితాలకు చోటు లేదు, అవి చేతిసంచిలో పెట్టుకోవాల్సిందే. కానీ సీటు వెనక సందులో అక్కడే పుట్టినట్టు ఒదిగిపోయింది. రోజూ వచ్చే ప్రయాణికులు వంతులవారీగా వంగి చూశారు. ఒకాయన, "లోపల బాగున్నట్టేనా?" అని ఇంట్లో మనిషి గురించి అడిగినట్టు అడిగాడు.

ఆ ఏడాది వాద్యబృందం కచేరీకి పిన్నిని వెనక వరస నుంచి మధ్య వరసకు మార్చారు. బాబాయితోపాటు మాస్టారు కూడా వచ్చారు. కచేరీ అయ్యాక హాలు బయట వరండాలో ఆయన పిన్నిని పిలిచి, "మూడో పాటలో తొందరపడ్డావు" అన్నారు.

"పక్కావిడ పరుగెత్తింది మాస్టారూ. ఓవర్‌టేక్ చేయనిస్తానా?"

"రోడ్డు అనుకున్నావా?" అని ఆయన చెయ్యి చాచారు. "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు."

పిన్ని ఫిడేలు ఇచ్చింది. ఆయన చాలాకాలం తర్వాత దాన్ని గడ్డం కిందికి చేర్చుకున్నారు. వేళ్లు పూర్తిగా వంగలేదు. వంగినంతలోనే నాలుగు స్వరాలు, నెమ్మదిగా, ఒకదాని పక్కన ఒకటి వేసుకుంటూ పోయారు. వరండాలో చెప్పులు వేసుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. పిన్ని కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

వాయించడం అయ్యాక ఆయనే ఫిడేలును పెట్టెలో పడుకోబెట్టి, మెడ పట్టీ బిగించి, మూత వేశారు. గొళ్లాలు టక్కుమని పడ్డాయి. "ఊఁ, దీని మూత నెత్తిన పడదు" అన్నారు తృప్తిగా.

ముగ్గురూ కలిసి ఇంటికి బస్సెక్కారు. ఆరోజు పిన్ని సెలవులో ఉంది, నడుపుతున్నది వేరే ఎవరో. ఆవిడ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని, ఆ డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ బాబాయి చెవిలో ఏదో ఒకటి గొణుగుతూనే ఉంది.