పద్మావతి గారి శుక్రవారాలు

మొన్న మా ఆసుపత్రి రిసెప్షన్‌లో పాత హెడ్‌ఫోను ఒకటి చేతికొచ్చింది. నా ముందు డ్యూటీ చేసిన అమ్మాయి తలకి దండిగా నూనె రాసుకునే మనిషి. చెవుల దగ్గరుండే స్పాంజి ఆ నూనె పీల్చుకుని మెత్తబడిపోయింది. పెట్టుకోబోతుంటే కొబ్బరినూనె, వేడెక్కిన ప్లాస్టిక్కు కలిసిన వాసన గుప్పున తగిలింది. ఎదురుగా ఒకామె ఏదో అడుగుతోంది గానీ నాకు వినబడలేదు. కాకినాడలో ఆ కౌంటరు వెనక కూర్చున్నదాన్ని కాస్తా అమలాపురం వెళ్లిపోయాను. గడియారస్తంభం దగ్గర, చెప్పుల షాపు మీద, మేడగది. శుక్రవారం మధ్యాహ్నాలు అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు. వాళ్లు వెళ్లాక ఆ స్పాంజిలన్నీ పాతగుడ్డతో తుడవడం నా పని. ఎంత తుడిచినా ఆ వాసన పోయేది కాదు.

ఆ గది పద్మావతి గారిది. ఇప్పుడు ఆ పేరు చెబితే ఆ వీధిలోనే చాలామందికి తెలియకపోవచ్చు. రెండువేలు దాటిన తొలి సంవత్సరాల్లో మస్కట్‌లోనో, దోహాలోనో, కువైట్‌లోనో ఏ కోనసీమ కుర్రాణ్ని అడిగినా 'పద్మక్క' ఎవరో చెప్పేవాడు. వాళ్లెవరూ ఆవిడ మొహం చూసినవాళ్లు కాదు. గొంతే ఎరుగుదురు. కొంచెం బొంగురుగా, తొందరలేకుండా, పక్కింటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టుండే గొంతు.

ఆ గొంతుతోనే ఆవిడ బతుకు మొదలైంది. వాళ్ల నాన్నగారికి భజన సమాజం ఉండేది. చిన్నప్పుడే హార్మోనియం నేర్చుకుంది. తొంభైల చివర్లో, భర్త మస్కట్‌లో ఇనుప కడ్డీలు కట్టే పనిలో ఉండగా, ఊళ్లో కేబుల్ టీవీ వాళ్ల దగ్గర ప్రకటనలు చదివే ఉద్యోగంలో చేరింది. పెళ్లిరోజు శుభాకాంక్షలు, సినిమా వేళలు, తప్పిపోయిన గేదెల వివరాలు. ఆ పైన ఫోన్లో జనంతో చిన్న చిన్న ఆటలు ఆడించేది. భర్త కిడ్నీలు పాడై తిరిగొచ్చాడు. ఏడాది తిరక్కుండా పోయాడు. చివరి రోజుల్లో ఆయన అన్న మాట ఒకటి ఆవిడ నాకు చెప్పింది. "అన్నేళ్లున్నాను పద్మా, మీ ఊరేదని ఒక్కడడగలేదు. నంబరు పెట్టి పిలుస్తారు." ఆయన పోయాక కేబుల్ ఉద్యోగం మానేసి, ఉన్న బంగారం అమ్మి ఇంటర్నెట్ సెంటర్ పెట్టింది.

నేను డిగ్రీ పూర్తిచేసి పని వెతుక్కుంటూ ఆ మేడ ఎక్కాను. కంప్యూటరు వచ్చా అని అడుగుతుందనుకున్నాను. "ఏ ఊరమ్మా మీది?" అంది. పలివెల అన్నాను. "పేరు చెప్పకుండా మీ ఊరు చెప్పు" అంది. కొప్పున్న శివలింగం గురించి మొదలుపెట్టాను.

"గుడొదిలెయ్. గుడి చెప్తే అందరికీ తెలిసిపోద్ది. మీ వీధి చెప్పు."

మిల్లు ఊక గాలికి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడుతుందనీ, మా అమ్మ మధ్యాహ్నం మిల్లు ఆగాకే బట్టలు ఆరేస్తుందనీ చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. "రేపొచ్చేయ్" అంది.

ఆ శుక్రవారం తెలిసింది ఎందుకడిగిందో. అప్పట్లో కంప్యూటర్లో మాట్లాడుకునే గదులుండేవి. ఎంతమందైనా చేరి మైకులో మాట్లాడుకోవచ్చు. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. పనివాళ్లుండే క్యాంపుల దగ్గరి నెట్ సెంటర్లలో ఒక్కో కంప్యూటరు ముందు నలుగురైదుగురు చేరేవారు. పద్మావతి గారు వాళ్లతో 'ఊరు చెప్పండి' ఆడించేది. తాను ఏదో ఊళ్లో బస్సు దిగినట్టు చెప్పుకుంటూ పోతుంది. ఆ ఊరేదో వాళ్లు పోల్చుకోవాలి. అంతే ఆట.

"బస్సు దిగేను. ఎండ దంచేస్తంది. ఎడం చేతివైపు కాయల రాశి, దాని పక్కనొకాయన ఒలుస్తున్నాడు. తలెత్తితే కొబ్బరిచెట్ల పైన పట్టపగలే మంట కనబడతంది."

"తాటిపాకండక్కా. ఆ గ్యాసు మంట వెలుగులోనే చదూకున్నానండి నేను."

"చదూకుంటే మరి ఇక్కడ రాళ్లెందుకు మోస్తన్నావురా" అని ఇంకెవరో అనేవారు. గదంతా నవ్వులు. ఆ నవ్వులు ఎక్కడెక్కడి ఎడారుల నుంచో వచ్చి మా మేడగదిలో కలిసేవి. గెలిచినవాడు పాట అడిగితే ఆవిడ కీబోర్డు మీద వాయించేది. సెలవులో వచ్చిన కుర్రాడొకడు దుబాయి నుంచి మోసుకొచ్చి ఇచ్చిన కీబోర్డు అది. ఆట అయ్యాక ఎవరి భార్య, ఎవరి తల్లి మా దగ్గర కూర్చుని ఉంటే వాళ్లు వంతులవారీగా మాట్లాడుకునేవారు.

కబురు ఊరూరా పాకింది. రాజోలులో ఒక సెంటరు, తర్వాత కొత్తపేటలో ఒకటి తెరిచింది. రెండింట్లోనూ అమ్మాయిలనే పెట్టుకుంది. 'మగాళ్లతో ఆటలాడే ఆడది' అని వెనకాల అన్నవాళ్లే తమ ఇంటి ఆడవాళ్లను శుక్రవారం మా మేడ ఎక్కించేవారు. ఆ సంగతి నేను ఎత్తితే "పోనీలే, వస్తున్నారు కదా" అనేది.

ఆటలో అందరికంటే గట్టివాడు సత్తిబాబు. ముమ్మిడివరం పక్క పల్లె, తాపీ మేస్త్రి. ఒకసారి ఆవిడ, "వంతెన దిగేను. టీకొట్టుంది. కొట్టు ముందు బల్లకి మూడే కాళ్లు, నాలుగో కాలికి బదులు ఇటికలు పెట్టేరు" అంది. అందరూ ఆలోచిస్తుండగా సత్తిబాబు నెమ్మదిగా, "అయినవిల్లి దాటేక కాలవొంతెనండి. ఆ ఇటికలు పెట్టింది నేనేనండి" అన్నాడు. అతని భార్య దుర్గ ప్రతి శుక్రవారం వచ్చేది. సన్నటి మనిషి. భర్త గెలిచినప్పుడు పైకి నవ్వేది కాదు, పైటకొంగు వేలికి చుట్టుకునేది.

ఒక శుక్రవారం ఆట సగంలో ఉంది. పద్మావతి గారు రేవులో పడవ దిగినట్టు చెబుతోంది. నేను పక్క కంప్యూటర్లో ఉన్నాను. ఆవిడ తెర మీద, ఆవిడకి మాత్రమే కనబడేలా ఎవరో రాసిన మాటలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "అక్కా, సత్తిబాబు లేడు. బుధవారం పరంజా కూలింది. కంపెనీ ఇంకా ఇంటికి చెప్పలేదు." ఆవిడ మాట ఆగింది. "రెండు నిమిషాలుండండి" అని మైకు కట్టేసింది. మరో ఇద్దరికి విడివిడిగా రాసి అడిగింది. ఇద్దరూ అదే చెప్పారు. దుర్గ మా వెనక వరసలో, హెడ్‌ఫోను పెట్టుకుని భర్త గొంతు కోసం కాచుకుని ఉంది. తెర మీది ఆ మాటల గదిలో ఉన్న మగవాళ్లలో సగం మందికి విషయం తెలుసు. ఏ ఒక్కరు నోరు జారినా ఆమె చెవిలోనే పడుతుంది.

నేను ఆవిడ చెవి దగ్గర, "అక్కా, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి పంపేద్దాం. వాళ్ల అన్నయ్యకి కబురు పెడదాం. ఇంటి దగ్గర పెద్దవాళ్లు చెప్పుకుంటారు" అన్నాను. లోకంలో అందరూ చేసేదే అది.

"ఇంటికెళ్లేదాకా బస్సులో మొక్కుకుంటా కూచుంటాది సునీతా. ఏమని మొక్కుకోవాలి ఆవిడ?" అంది.

మిగిలిన ఆడవాళ్లను నాతో వరండాలోకి పంపింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు కనబడుతోంది, వినబడుతోంది. చిన్న ముక్కాలిపీట దుర్గ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. రెండు చేతులతో ఆమె తలమీది హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టింది.

"దుర్గా, నీకొక సంగతి చెప్పాలి. మంచిది కాదు."

"చెప్పండక్కా."

"సత్తిబాబు చనిపోయాడమ్మా. బుధవారం పనిలో ఉండగా పరంజా విరిగి పడిపోయాడు. నిజమేనా అని ఇంకో ఇద్దర్ని అడిగేకే చెప్తున్నాను."

దుర్గ ఆవిడ వంక చూసింది. బల్ల మీది హెడ్‌ఫోను వంక చూసింది. అందులోంచి సన్నగా గొంతులు వినబడుతున్నాయి, అక్కా ఉన్నారా, అక్కా లైనులో ఉన్నారా అని.

"ఆయన వంతు ఇంకా రాలేదు కదండీ" అంది.

పద్మావతి గారు ఓదార్చలేదు, దేవుడి పేరెత్తలేదు. ఆ పీట మీదే కూర్చుంది. దుర్గకి ఏడుపు చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక చాలాసేపటికి గానీ ఆగలేదు. దుర్గ అన్నగారు వచ్చి తీసుకెళ్లేదాకా ఈవిడ అలాగే ఉంది. వాళ్లు మెట్లు దిగాక లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని నిలబడింది.

శవం ఊరికి చేరడానికి నెల పైన పట్టింది. ఆవిడ ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. ఏవేవో తెలియని ఆఫీసుల ముందు నిలబడింది. పెట్టె వచ్చిన రోజు మేమిద్దరం ఆ పల్లె వెళ్లాం. సత్తిబాబు వాళ్లన్నయ్య నలుగురి మధ్యలో ఆవిడని నిలదీశాడు.

"ఆడకూతురికి అలా మొహానే చెప్పేస్తారాండి? మనసనేది ఉండక్కర్లేదాండి మనిషికి?"

"తప్పేనని అంటే మీ మనసు నెమ్మదిస్తదనుకుంటే అంటానండి. ఎలా చెప్పాలో మీరు చెప్పండి. ఈసారి అలాగే చెప్తాను."

'ఈసారి' అన్న మాట దగ్గర అక్కడున్న ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. చుట్టూ ఉన్న ఇళ్లలో గల్ఫ్‌కి మనిషిని పంపనిది ఏదీ లేదు.

ఆ ఈసారి తొందరగానే వచ్చింది. అక్కడ ఎవరికేమైనా ఇంటికి చెప్పలేనివాళ్లు పద్మక్కకి చెప్పడం మొదలుపెట్టారు. లారీ కింద పడినవాడు, ఎండకి గుండె ఆగినవాడు, నిద్రలో పోయినవాడు. ఆవిడ చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లేది. రిక్షా దిగగానే కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చేవాళ్లు, కాఫీ పెడతానని లోపలికెళ్లబోయేవాళ్లు. "కాఫీ వద్దమ్మా, కూచో" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సెంటర్లో శుక్రవారాలు మారిపోయాయి. ఆవిడ కుర్చీలోంచి లేస్తే చాలు, వరసలో ఆడవాళ్ల మొహాలన్నీ ఒక్కసారి అటు తిరిగేవి. అది కనిపెట్టి, లేవకుండా ఉండడానికి మంచినీళ్లు కూడా పక్కనే పెట్టించుకుంది. ఒక రోజు ఎప్పటిలాగే "బస్సు దిగేను" అంది. తర్వాత మాట రాలేదు. మళ్లీ "బస్సు దిగేను" అంది. అవతల అంతమందీ ఎదురుచూస్తున్నారు. ఎంతకీ రాకపోతే కీబోర్డు ముందుకు లాక్కుని వాయించడం మొదలుపెట్టింది. సినిమా పాట కాదు, భజన కీర్తన కాదు. అప్పటిదాకా నేనెన్నడూ వినని వరస. ఆపాక ఎవరూ గదిలోంచి పోలేదు. "ఇంకోసారండక్కా" అన్నాడొకడు.

ఆ తర్వాత ఆవిడ ఆట ఆడించలేదు. సెల్‌ఫోన్లు చవకయ్యాయి. ఎవరింట్లో వాళ్లే మాట్లాడుకోసాగారు. ముందు కొత్తపేట సెంటర్ మూతపడింది, తర్వాత రాజోలుది, చివరికి చెప్పుల షాపు మీది గది. కంప్యూటర్లు వచ్చిన ధరకి ఇచ్చేసింది. పిల్లలకి కీబోర్డు నేర్పింది, నాన్నగారి భజన సమాజంలో చేరింది. తన వరసలన్నీ రాజమండ్రిలో ఒక స్టూడియోలో రికార్డు చేయించి సీడీ చేసింది. మాటల్లేని సీడీ ఎవరు కొంటారని అందరూ అన్నారు. నిజంగానే ఇక్కడ ఎవరూ కొనలేదు. సెలవుకొచ్చినవాళ్లు మాత్రం అడిగి పట్టుకెళ్లేవారు.

పెద్దకార్యాలకి ఆవిడ్ని పిలిచేవారు. ఎవరింట్లో చావు కబురు తాను చెప్పిందో ఆ ఇంట్లోనే పదకొండో రోజున కూర్చుని వాయించిన సందర్భాలున్నాయి. పెళ్లిళ్లకి పిలిచేవారు కాదు. ఒకసారి తెలిసినవాళ్ల పెళ్లిలో సంగీత కచేరీకి పేరు వేసి, పెళ్లికూతురి మేనత్త అభ్యంతరం చెప్పిందని తీసేశారు. ఆ కబురు మోసుకొచ్చినాయన నసుగుతుంటే, "సూటిగా చెప్పండి, ఏం ఫర్వాలేదు" అంది. ఆయన చెప్పాడు. "ఆయ్, సరేనండి" అంది. ఆయన వెళ్లాక కీబోర్డు మీద గుడ్డ కప్పి, ఆ సాయంత్రమంతా కిటికీ దగ్గర కూర్చుంది. పిల్లలు పాఠానికొస్తే వెనక్కి పంపేసింది. ఆవిడ ఏడవడం నేను చూడలేదు. ఆ సాయంత్రం అన్నం తినకపోవడం చూశాను.

నన్ను ఈ ఆసుపత్రి ఉద్యోగానికి పంపిందీ ఆవిడే. చేరిన కొన్నాళ్లకి ఒక పొద్దున్న ఆవిడ మేనల్లుడు ఫోను చేశాడు. "అత్తకి కొంచెం బాగోలేదండి. ఒకసారి వస్తారా?" ఎంత బాగోలేదని అడిగాను. "వచ్చేయండి, చూద్దురుగాని" అన్నాడు. మా డాక్టరు గారితో మాట్లాడి మంచం ఖాళీ ఉంచమన్నాను. బస్టాండులో బత్తాయిలు కొన్నాను. యానాం వంతెన దాటుతున్నంతసేపూ, ఆవిడ్ని ఏ వార్డులో చేర్పించాలి, రాత్రిపూట ఎవరుంటారు, ఉప్పు లేని కూర తింటుందా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. మొక్కుకున్నాను కూడా. వీధి మొదట్లోనే షామియానా కనబడింది. ముందురోజు సాయంత్రమే పోయిందట. ఆ అబ్బాయిని ఏమనాలి, నా మీద దయతోనే అలా అన్నాడు. బత్తాయిల సంచీ చేతిలో పట్టుకుని, అది ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను.

మా ఆసుపత్రిలో ఐసీయూ బయట కాచుకున్నవాళ్లతో మాట్లాడే పని కూడా ఇప్పుడు నాదే. డాక్టర్లు తీరిక లేక కొంత, భయపడి కొంత, నన్ను పంపుతారు. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాను. చనిపోయారు అన్న మాటే వాడతాను. అది అనడం ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు. కొందరు నన్ను తిట్టారు. పోయిన వారం ఒక తండ్రి నేను చెప్పింది విని, నా చెయ్యి విసిరికొట్టి, ఇక్కణ్నించి పోండి అన్నాడు. కాసేపటికి మళ్లీ అన్నాడు. నేను లేవలేదు. చీకటిపడే వేళకి ఆయన తల వంచుకునే, కొడుకు పేరు నాకు చెప్పాడు.