నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ వేపచెట్టు దాకా

మార్చి నెల రెండో ఆదివారం ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. చేతిలో రిజిస్టరు, భుజాన నీళ్ల సీసా, జేబులో రెండు పెన్నులు. నారాయణగూడలోని ఒక కాలనీ పార్కులో ఆదివారాలు జరిగే ‘చెట్లబడి’కి ప్రయాణం. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులు కలిసి మూడు పార్కుల్లో ఈ బడిని నడుపుతున్నారు. అపార్ట్‌మెంట్ల పిల్లలూ బస్తీల పిల్లలూ ఒకచోట కూడి చెట్ల పేర్లు, పిట్టల పేర్లు నేర్చుకుంటారు, గూళ్లు లెక్కపెడతారు. ఆ లెక్క రాసి ఉంచడం నా పని.

ఈ లెక్కకు ఒక ప్రయోజనం ఉంది. ఏటా గాలివానలకు ముందు నగరపాలక సంస్థవారు పార్కుల్లో ఎండుకొమ్మలు కొట్టిస్తారు. గూడున్న చెట్ల జాబితా ముందుగా ఇస్తే, పిట్టపిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్లను ముట్టుకోరు. మా సభ్యులు తాము చూసిన గూళ్లను ఫోన్‌లోని యాప్‌లో నమోదు చేస్తారు. ఫోన్ చేసి చెప్పినవాటిని నేను కాగితం మీద రాస్తాను. ఒకే గూడు రెండుసార్లు లెక్కకు రాకూడదు గనుక, యాప్‌లో ఉన్నదానిని కాగితం మీద రాయను. రెండు జాబితాలనూ జతచేసి శుక్రవారం సాయంత్రం వారికి అందజేశాను. మొత్తం పదిహేడు గూళ్లు.

ఎం.జి.బి.ఎస్. స్టేషనులో బండి మారాలి. బోర్డులు చూసుకుంటూ నడిస్తే నాలుగు నిమిషాలు పడుతుంది. రెండో బండిలో నా పక్కన కూర్చున్న పూలబుట్ట ఆవిడ రిజిస్టరు వైపు చూసి, “ఏం సర్వే సారూ, రేషన్ కార్డులదా?” అని అడిగింది.

“పిట్టగూళ్లదమ్మా.”

“గీడ మనుషులకే ఇండ్లు దొరుకుతలేవు,” అని నవ్వి సుల్తాన్‌బజార్‌లో దిగిపోయింది.

ఏడు నలభై ఆరుకు నారాయణగూడ. అక్కడినుంచి పార్కుకు ఆరు నిమిషాల నడక. బడి నడిపే సుభద్రగారు వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన లెక్చరరు. ఆమె తల్లిదండ్రులు తెనాలి నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. ఆ రోజు ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చారు. కళ్లు మూసుకుని ఆకును వేళ్లతో తడిమి, వాసన చూసి, పేరు చెప్పడం పాఠం. బస్తీనుంచి వచ్చిన ఒక పాప ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, “యాప, టీచర్,” అంది.

“యాపా? డౌన్‌లోడ్ చేసుకోవాలా?” అన్నాడు వెనకనుంచి ఒకడు. పిల్లలంతా నవ్వారు.

“ఎందుకురా నవ్వు? వేపనే యాప అంటారు. రెండూ రైటే,” అన్నారు సుభద్రగారు.

నేను రాస్తున్నది ఆపేశాను. గురువారం మధ్యాహ్నం అశోక్‌నగర్ పార్కు తోటమాలి ఎల్లమ్మ నాకు ఫోన్ చేసి, కంసాలిపిట్ట గూడు పెట్టిందని చెప్పింది. ఎక్కడ అని అడిగితే, “యాపలనే ఉన్నది సారు,” అంది. యాప్‌లోనే ఉందని అర్థం చేసుకుని కాగితం మీద రాయలేదు. యాప అంటే వేప అని తెలియనివాణ్ని కాను. నలభై ఏళ్లుగా ఈ నగరంలోనే ఉన్నాను. ఆ వారమంతా యాప్, యాప్ అనే మాటే వినడంవల్ల నా చెవి దానినే పట్టుకుంది.

సంగతి చెప్పగానే సుభద్రగారు ఫోన్ తెరిచి చూశారు. అశోక్‌నగర్ కింద మూడు గూళ్లున్నాయి, వేపచెట్టు లేదు. అక్కడ కొమ్మలు కొట్టేది ఆ రోజే, తొమ్మిది గంటలకు. ఎల్లమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కంసాలిపిట్ట గూడు పెట్టేది ఎండుకొమ్మకు తొలుచుకున్న తొర్రలోనే. అంటే వాళ్లు ముందుగా కొట్టేది ఆ కొమ్మనే.

“మీరు బయల్దేరండి మూర్తిగారూ, ఇడ్లీ తర్వాత తినొచ్చు,” అన్నారామె.

ఎనిమిది నలభైకి ఆటో ఎక్కాను. చిక్కడపల్లి దాటాక కోచింగ్ సెంటర్ల పరీక్షకు వెళ్లేవాళ్లతో దారి నిండిపోయింది. పార్కు చేరేసరికి తొమ్మిది గంటల ఏడు నిమిషాలు.

వేపచెట్టుకు నిచ్చెన ఆనించి ఉంది. చెట్టు మొదట్లో ఎల్లమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది, ఒళ్లో చీపురు. పాలమూరు వైపునుంచి కట్టడం పనికి వచ్చి, పదకొండేళ్లుగా ఈ పార్కులో తోటపని చేస్తోంది. కొమ్మలు కొట్టేవాళ్ల మేస్త్రి ఆమెను బతిమాలుతున్నాడు.

“అక్కా, జర లెవ్వు. నాకింకా మూడు పార్కులున్నయి.”

“మూడేంది, ముప్పై చేసుకో పో. దీన్ని ముట్టొద్దు.”

“లిస్టుల లేదక్కా. ఉంటే నేనెందుకు ముట్టుకుంట?”

“అగో, లిస్టు రాసిన సారే వచ్చిండు. అడుగు.”

పొరపాటు నాది అని, జరిగినదంతా చెప్పాను. ఎల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “యాప అంటే ఫోనా? నీతోని పరేషానే సారు. ఫోన్ల పిట్ట గూడెట్ల పెడ్తది?”

మేస్త్రి నవ్వాడు కాని తగ్గలేదు. “ఇప్పుడు నువ్వు రాసిస్తే, గూడు ఖాళీగుంటే నా మీదికొస్తది సార్. పిట్టను నా కండ్లకు చూపియ్యి, పోత. పావుగంట చూస్త.”

పన్నెండు అడుగుల ఎత్తున, ఎండుకొమ్మ అడుగుభాగాన, నిమ్మకాయ పట్టేంత గుండ్రని తొర్ర ఉంది. దాని కిందే అందరం నిలబడ్డాం. పది నిమిషాలు గడిచినా ఏమీ రాలేదు.

“గింతమంది నిలబడితే అదెట్లొస్తది? నీ ఇంటి ముంగట నిచ్చెనేసి నిలబడితే నువ్వు లోపలికి పోతవా?” అంది ఎల్లమ్మ మేస్త్రితో.

అతనే నిచ్చెన దించాడు. ఇరవై అడుగులు వెనక్కి జరిగి బెంచీల మీద కూర్చున్నాం. గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటున్న యువకుడు జరిగి చోటిచ్చి, పుస్తకం మూసేశాడు. ఎదుటి హాస్టలు మేడ వైపునుంచి టుక్, టుక్ అని సుత్తిదెబ్బలా వినిపిస్తూ ఉన్న కంసాలిపిట్ట కూత ఆగిపోయింది. నేను గడియారం చూసుకుంటూ ఉంటే, “గది కాదు సారు, కొమ్మ చూడు,” అని ఎల్లమ్మ నా మణికట్టు మీద చెయ్యి వేసింది. మట్టిపని చేసిన చెయ్యి, బరువుగా వెచ్చగా ఉంది. పావుగంట దాటిపోయింది. మేస్త్రి ఆ సంగతి ఎత్తలేదు.

అప్పుడు వచ్చింది. ఆకు రంగు ఒళ్లు, ఎర్రని నుదురు, పసుపు గొంతు. ముక్కున పండిన రావికాయ. తొర్ర అంచున వాలి తల లోపలికి పెట్టింది. లోపలినుంచి సన్నగా, ఆత్రంగా అరుపులు. తల బయటికి తీసేసరికి ముక్కున పండు లేదు.

మేస్త్రి చాలా చిన్న గొంతుతో అడిగాడు: “పిల్లలు పోవాలంటే ఎన్ని దినాలైతదక్కా?”

“నెల అనుకో.”

“సరే. నెల దాటినంకనే వస్త.”

పద్దెనిమిదో గూడు రాసి ఇచ్చాను. అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను ఎల్లమ్మకు క్షమాపణ చెప్పబోతే, “అట్లనకు సారు, ఇంకోసారి అడిగి రాసుకో,” అంది.

పది ఇరవైకి బయల్దేరి, చిక్కడపల్లి మెట్రో వైపు నడిచాను. దారిలో ఇడ్లీ, టీ. ఈ పిట్టను చూడదలచినవారు ఎండ ముదరకముందే రావాలి. చెట్టు కింద కాక బెంచీ మీద కూర్చోవాలి. ముందుగా ఎల్లమ్మను పలకరించాలి. మూడు పార్కుల్లో పిల్లలకు చెట్లు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ చెట్ల కింద రోజూ ఊడ్చే మనిషిని చెట్లబడికి పిలవాలని ఇంతవరకు మాలో ఎవరికీ తోచలేదు. వచ్చే ఆదివారం పాఠం అశోక్‌నగర్‌లో ఆమె చేతనే చెప్పించాలని సుభద్రగారికి ఫోన్ చేశాను. ఆమె వెంటనే ఒప్పుకున్నారు.

పది యాభై రెండుకు బండి కదిలింది. నారాయణగూడ దాటుతుండగా ఎల్లమ్మ ఫోన్ చేసింది.

“సారు, రెండో పిట్ట గూడ వచ్చింది. మొగదో ఆడదో తెల్వది. రాసుకో.”

“ఎన్ని గంటలకమ్మా?”

“ఎండ జర ఎక్కినంక.”

వేళ రాయవలసిన గడిలో ఆ మాటే రాశాను. పక్కన, ‘ఎల్లమ్మ చూసింది’ అని చేర్చాను.