బుధవారం తేవాల్సిన నాలుగు కోళ్లు

నిన్న, సోమవారం పొద్దున, కింది పోర్షన్ అవ్వ చనిపోయిందని అమ్మ పైకి వచ్చి చెప్పింది. కుళాయి కింద బిందె పెట్టి, పక్కన మెట్టు మీద కూర్చుందట. బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా లేవకపోయేసరికి పక్కింటావిడ వచ్చి భుజం తట్టిందట. అంతా విని నేను, "మరి బుధవారం ఎలా?" అన్నాను. ఆ ఒక్క మాటకు మా ఇంట్లో ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకున్నారు.

బుధవారం పదింటికి బేగంపేటలో నాకు ఇంటర్వ్యూ ఉంది. మావయ్య నలుగురిని అడిగి సంపాదించిపెట్టిన ఇంటర్వ్యూ. దాని గురించే అడిగాననుకుంది అమ్మ. "మనిషి పోయిందంటే నీకు నీ ఇంటర్వ్యూ గుర్తొచ్చిందా? రాయివే నువ్వు" అంది. నాన్న నన్ను వెనకేసుకొచ్చారు. అది ఇంకా ఘోరం. "కంగారు పడకు తల్లీ. వాళ్లు మనకేం కారు, మైల లేదు. ఇంటర్వ్యూకి నిక్షేపంగా వెళ్లొచ్చు" అన్నారు.

నేను అడిగింది కోళ్ల గురించి.

మొయినాబాద్ దాటాక ఒక ఊళ్లో, ఒకామె పెరట్లో గుడ్లు పెట్టే కోళ్లు నాలుగున్నాయి. వాటి కుడికాళ్లకు అవ్వ చేత్తో కట్టిన పేలికలున్నాయి. బుధవారం ఎండ ఎక్కకముందే వాటిని తెచ్చేయాలి. ఆ రోజు దాటితే అవి ఉండవు. ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే, అవ్వా నేనూ.

మాది భీమవరం వైపు. పంజగుట్ట వెనక సందులో ఈ ఇంటి పైభాగంలో పన్నెండేళ్లుగా అద్దెకుంటున్నాం. కింద అవ్వ, ఆమె కొడుకు, కోడలు. వాళ్లది చేవెళ్ల దగ్గర వ్యవసాయం చేసిన కుటుంబం. కొడుకు అమీర్‌పేటలో జిరాక్స్ షాపు పెట్టాడు. కంప్యూటర్ కోర్సుల నోట్సు కాపీలతో అతనికి తీరిక ఉండదు. అవ్వ పని మాత్రం కోళ్లు. శ్రీనగర్ కాలనీలోనో యూసుఫ్‌గూడలోనో ఎవరైనా మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకుందామనుకుంటే ఆమెకు కబురు చేసేవాళ్లు. ఆమె ఊళ్లకు వెళ్లి, చూసి, ఎంచి, తెచ్చి పెట్టేది. అమ్మ ఆమెను "కోళ్లావిడ" అనేది. నేను "అవ్వా" అంటే, "మామ్మగారు అనొచ్చుగా" అని విసుక్కునేది.

పోయిన సంవత్సరం నేను మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఉద్యోగం ఏడు నెలలు చేసి మానేశాను. అంతకుముందు ఒక కోర్సు సగంలో వదిలేశాను. ఇంట్లో దాన్ని నిలకడలేనితనం అన్నారు. బంధువులు ఇంకేదో ఉందనుకున్నారు, ఎవరో అబ్బాయి ఉండుంటాడని. ఎందుకు మానేశావని కారణం కోసం అడిగినామె అవ్వ ఒక్కతే.

"ఎందుకిడిసినవ్ బిడ్డా?"

"బోర్ కొట్టింది అవ్వా. రోజూ ఎవరివో రోగాలు వింటూ టైపు చెయ్యడం."

"గది కారణమే" అని, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, "ఆయితారం ఖాళీనా? గంప మోయ రా" అంది.

అలా మొదలైంది. ఖాళీ గంప పట్టుకుని అమీర్‌పేట సెంటర్లో బస్సు కోసం నిలబడితే, పాంఫ్లెట్లు పంచేవాళ్లు నాతోపాటు ఆమెకూ ఒకటి ఇచ్చేవాళ్లు. ఆమె వద్దనేది కాదు. టెస్టింగ్ టూల్స్, ఫ్రీ డెమో, ప్లేస్‌మెంట్ గ్యారంటీ, అన్నీ మడిచి గంప అడుగున పరిచేది.

ఊళ్లో కోడి వయసు ముందు అడగదు. "ఎందుకు అమ్ముతున్నవ్ చెల్లె?" అని అడుగుతుంది. ఒకామె "ఊకెనే" అంది. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి అవ్వ లేచింది. ఆ కోడి నా కళ్లకు బంగారంలా ఉంది. దారిలో గొణిగాను. "గుడ్డు వెట్టే కోడిని ఊకెనే ఎవ్వలమ్మరు. కారణం చెప్పకుంటె కోడిల రోగమన్న ఉంటది, ఇంట్ల కొట్లాటన్న ఉంటది. రెండూ మనకొద్దు" అంది.

కారణం నచ్చితేనే కోడిని చేతిలోకి తీసుకునేది. జుట్టు ఎర్రగా, వెచ్చగా ఉందా. కాళ్ల పసుపు వెలిసిందా. తోక కింద రెండు ఎముకల మధ్య మూడు వేళ్లు పడితే గుడ్లు పెడుతున్నట్టు. ఒక్క వేలే పడితే ఇంకా మొదలుపెట్టలేదు, లేదా మానేసింది. నాచేత పెట్టించి చూసి, "నీ ఏళ్లు సన్నం. నీకు నాలుగు లెక్క" అంది. పొదుగుకు కూర్చున్న కోడిని ఎవరైనా బుట్టలోంచి లేపి తెచ్చి, గుడ్లు పెట్టే కోడని చూపిస్తే, దాని పొట్ట కింద ఈకలు రాలిన చోటు చూసి నవ్వి కింద వదిలేది.

ఎండాకాలంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కోడి నడక, తిండి, గూటికి వెళ్లే తీరు పగలే చూడాలి. పగలు మోసుకొస్తే చస్తుంది. అందుకని రెండుసార్లు వెళ్లేది. మొదటిరోజు ఎంచి, తన పాత చీర అంచు చింపి కాలికి కట్టి, అక్కడే వదిలేసి వచ్చేది. మళ్లీ ఇంకోరోజు మొదటి బస్సుకు వెళ్లి, గంప మీద తడిగోనె కప్పి తెచ్చేది. పేలిక కట్టిన కోడిని ఇంకొకరికి అమ్మరు. ఎందుకు అమ్మరని అడిగితే అవ్వకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు, "గంపల ఏమున్నదవ్వా?" అనేవాడు.

"నలుగురు ఆడోళ్లు."

"మరి టికెట్ తియ్యాలె."

"ముంగట లేడీస్ సీటు ఇయ్యి, తీస్త."

కొత్త ఇంట్లో కోడిని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి వదలాలి, అప్పుడు ఇల్లు మరవదని ఆమె పట్టు. శ్రీనగర్ కాలనీలో ఒక ఫ్లాటు వాళ్లకు రోలు లేదు. "గ్యాసు బండ ఉన్నది గద, వంట దాని మీదనే గద" అని ఆ ఇల్లాలి చేత సిలిండర్ చుట్టూ తిప్పించింది. ఆవిడ భర్త, మెడలో ఆఫీసు బ్యాడ్జితో, గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దీంతో కోడికి నిజంగా ఇల్లు గుర్తుంటుందా అని మెట్లు దిగుతూ అడిగాను. "దానికి ఉంటదో లేదో. తిప్పినామెకు గుర్తుంటది, గిది నాది అని" అంది.

కొత్త ఇంట్లో మొదటిరోజు మాత్రం కోళ్లను వదిలి వచ్చేది కాదు. పొద్దు గుంకేదాకా ఆ మేడ మీద, వాటి పక్కన కూర్చునేది. నీడ జరిగితే నీళ్ల మూకుడు జరిపేది. రెక్కలు ఎత్తి, నోరు తెరిచి రొప్పితే కాళ్లు తడిపేది. ఎండ పోయాకే గింజలు వేసేది. వెళ్లేముందు ఇంటివాళ్లతో ఒకటే మాట. "పది దినాలు గుడ్డు అడగకుండ్రి. ఇల్లు మారితె మీకు నిద్ర పట్టిందా?"

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. పోయినేడు మే నెలలో అవ్వకు జ్వరం వచ్చి, పేలికలు కట్టిన మూడు కోళ్లను తెమ్మని నన్ను పంపింది. గంప నాకు పాతకాలంగా కనిపించింది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో అడిగి కంప్యూటర్ మానిటర్ వచ్చిన అట్టపెట్టె తెచ్చుకున్నాను. లోపలి థర్మాకోల్ తీయలేదు. ఐస్‌క్రీమ్‌ను చల్లగా ఉంచేది కోడినీ చల్లగా ఉంచుతుందనుకున్నాను. పెట్టెకు పక్కల నాలుగు బెజ్జాలు పొడిచాను. మొదటి బస్సు తప్పిపోయింది. పదకొండింటికి మెహిదీపట్నంలో దిగి ఆటో ఎక్కాను. దారి పొడుగునా లోపల కొట్టుకుంటూనే ఉన్నాయి. పంజగుట్ట సిగ్నల్ దగ్గర చప్పుడు ఆగింది. సర్దుకున్నాయనుకున్నాను.

అవ్వ మంచం మీంచి లేచి వచ్చి పెట్టె తెరిచింది. మూడింటినీ ఒక్కొక్కటిగా తీసి నేల మీద పెట్టింది. తర్వాత థర్మాకోల్ ముక్క తీసి చేత్తో నొక్కి చూసింది.

"గిది వేడిని బయటికి పోనిస్తదా?"

"పోనివ్వదు."

"చల్లదాన్ని వెడితె చల్లగుంచుతది. కోడి వేడిది బిడ్డా. దాని వేడి ఏడికి పోవాలె?"

ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నది నాకు. కోళ్లకు ఎదురుచూస్తున్న ఇంటికి ఆమే కబురు చేసింది, "నా తప్పుతోని చచ్చిపోయినయ్" అని. నాది అన్నాను. "పంపింది నేను" అంది. వాటిని ఎవరూ వండుకోలేదు. వెనక జామచెట్టు దగ్గర ఇద్దరం గొయ్యి తీశాం. అమ్మ పైనుంచి చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత ఏడాది పాటు నన్ను తీసుకెళ్లింది గానీ, వచ్చేటప్పుడు గంప నా చేతికివ్వలేదు. నేను నీళ్ల సీసా పట్టుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఇవ్వలేదు, అంతే.

మొన్న ఆదివారం మొయినాబాద్ అవతల ఆ పెరట్లో ఎప్పటిలాగే అడిగింది, ఎందుకు అమ్ముతున్నవ్ అని.

"బోరెండింది అక్కా. బుధారం పొద్దుగాల పటాన్‌చెరు దిక్కు పనికి పోతున్నం. ఇంటికి తాళమే."

"అయ్యాల మేం రాకుంటె?"

"ఏం జేస్త. చికెన్ కొట్టాయనకు ఇచ్చి పోత."

అవ్వ నాలుగు పేలికలు చింపి కట్టింది. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "నా మోకాళ్లు నొస్తున్నయ్. బుధారం గంప నువ్వు పట్టు" అంది. సరేనన్నాను. రెండు స్టాపులు దాటాక, "డబ్బా తేకు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నిన్న మధ్యాహ్నం కొడుకూ కోడలూ అవ్వను వ్యాన్‌లో వాళ్ల ఊరికి తీసుకెళ్లారు. కోళ్ల విషయం కొడుకుతో చెప్పబోయాను. "గిప్పుడు కోళ్ల ముచ్చటేందమ్మా, జర ఆగు" అన్నాడు. అతను అన్నది సబబే. కింది పోర్షన్‌కు తాళం పడింది. గంప వరండాలోనే ఉంటే పైకి తెచ్చుకున్నాను.

ఆ నాలుగు కోళ్లు తనకు కావాలని అవ్వకు ముందే చెప్పుకున్న, శ్రీనగర్ కాలనీలోని ఇంకొకావిడకు ఈ పొద్దున ఫోన్ చేశాను. "ఆవిడే లేరు కదమ్మా, ఇంకెందుకులే" అన్నారు మొదట. తర్వాత, "తెచ్చినా మొదటిరోజు ఎవరు కూర్చుంటారు? నాకు భయం, ఈ ఎండల్లో" అన్నారు. నేను కూర్చుంటానన్నాను. పొద్దు గుంకేదాకానా అని అడిగారు. గుంకేదాకా అన్నాను.

ఆ తర్వాత మావయ్యకు చేశాను. ఇంటర్వ్యూకు వెళ్లడం లేదని చెప్పాను.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"కింద పోయినావిడ గురించా? అంత బాధగా ఉందేంటి?"

"అది కాదు. నాలుగు కోళ్లు తేవాలి. వాటి దగ్గర సాయంత్రం దాకా ఉండాలి."

"వాళ్లకి నేనేం చెప్పనమ్మా?" అన్నాడు మావయ్య. ఉన్నది చెప్పమన్నాను.

గంప స్నానాలగదిలో తొట్టి మీద బోర్లించి ఉంది, తడిపిన గోనె కప్పి. అమ్మ రెండుసార్లు లోపలికి వెళ్లి, దానికి తగలకుండా పక్కనుంచి చెంబు తీసుకుని వచ్చింది. ఏంటని అడగలేదు. గోనె చివర్ల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

రేపు మొదటి బస్సుకు వెళ్తున్నాను. గంప నేనే మోస్తాను.