వనేడియం మిల్లులో మూడు దెబ్బలు

దయ్యాలు లేవు. యానాంలో చదువుకునే రోజుల నుంచి ఈ మాట అంటున్నాను, ఇప్పుడూ అంటాను. నిప్పుల మీద నడిచి చూపించాను. గాలిలోంచి విభూతి ఎలా వస్తుందో వేదికలెక్కి విప్పి చెప్పాను. దయ్యం తిరుగుతోందన్న ఇళ్లలో పడుకుని, పొద్దున్నే కాఫీ తాగి ఇంటికొచ్చాను. కాబట్టి కింద రాసిన సంగతిని ఎవరూ తాయెత్తులు అమ్ముకోవడానికి వాడుకోవద్దు. వివరణ దొరికితే అందరికంటే ముందు సంతోషించేది నేనే.

డెబ్భైల చివర్లో, పుదుచ్చేరి ఊరి అంచున కాలాపేట దారిలో, ఒక చిన్న ఖనిజం మిల్లులో కెమిస్టుగా పనిచేశాను. ఒరిస్సా కొండల నుంచి నల్లరాయి వచ్చేది. దాన్ని పిండి చేసి, సోడా కలిపి, కొలిమిలో కాల్చి, నీళ్లలో నానబెట్టి వనేడియం తీసేవాళ్లం. ఉక్కుకు బలమిచ్చే లోహం అది.

దాని దుమ్ము పీల్చినవాళ్ల నాలుక ఆకుపచ్చగా మారుతుంది. వీరాంపట్టినం నుంచి వచ్చే కూలీలు మొదట్లో అది అమ్మవారి కోపమనుకున్నారు. నేను అందరి ముందూ నా నాలుక చాపి చూపించాను. అది నా మీద కూడా కోపమైతే, నన్ను ఆమె గుర్తించినందుకు సంతోషమే అన్నాను. ముక్కుకు గుడ్డ కట్టించి పనిచేయించాక పచ్చదనం పోయింది. అప్పటి నుంచి నా మాటకు మిల్లులో కొంత విలువ వచ్చింది. ఆ విలువే తర్వాత ప్రమాదం తెచ్చింది.

మిల్లు నడిపేవాడు గోవిందసామి. తాతల కాలంలోనే పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం వచ్చింది మాత్రం అరవం. అంతకు ముందు పన్నెండేళ్లు బీహారు కొండల్లో యురేనియం రాయి ఆడించే పెద్ద మిల్లులో పనిచేశాడు. చెవులు అక్కడే పోగొట్టుకున్నాడు. పక్కన నిలబడి అరిచినా సగమే వినిపించేది.

మా మిల్లు అంటే మనిషెత్తు ఇనుప పీపా. అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. లోపల మూడో వంతు ఇనుప గుండ్లు. పీపా తిరిగేకొద్దీ గుండ్లు పైకి లేచి రాయి మీద పడతాయి. రాయి తక్కువైతే గుండ్లు ఒకదాన్నొకటి కొట్టుకుని అరిగిపోతాయి. ఎక్కువైతే పిండి ముతకగా వస్తుంది. ఈ రెంటికీ మధ్య నడపాలి. మిగతా ఆపరేటర్లు దాన్ని చెవితో పట్టుకుంటారు. గోవిందసామి పళ్లతో పట్టుకునేవాడు. వేపకర్ర ఒక కొసను బేరింగు మీద ఆనించి, రెండో కొసను కొరికి పట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. "ఇంకో రెండు తట్టలు" అనేవాడు. వేశాక నేను జల్లెడ పట్టి చూస్తే పిండి సరిగ్గా ఉండేది.

నేను ఊరికే నమ్మలేదు. అతని కళ్లకు గంతలు కట్టి, రాయి హెచ్చిస్తూ తగ్గిస్తూ పరీక్ష పెట్టాను. ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. చివరిసారి నేను కావాలనే ఏమీ మార్చలేదు. "ఏంది సార్, చేతులు నొస్తా ఉండాయా? ఏమీ ఏయలేదే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఇందులో మాయ లేదు. ఎముక శబ్దాన్ని మోస్తుంది. కాని ఆ శబ్దాన్ని అంత నిఖార్సుగా చదవగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అతనికి ఒక అలవాటుండేది. ఆగిన మిల్లును మళ్లీ తిప్పబోయే ముందు, మేకుకు వేలాడే పెద్ద స్పానరు తీసి పీపా మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. తర్వాత కర్ర కొరికి పట్టుకుని కాసేపు ఆగేవాడు. అప్పుడే మీట నొక్కేవాడు.

పీపా మీద కుంకుమ బొట్టు కూడా ఉండేది. ఒకరోజు అతని చెవిలో అరిచాను: "ఇనుముకు పూజేమిటయ్యా?"

"ఆ కొండల్లో నేర్పిన పద్దతి సార్. తట్టకుండా తిప్పేది లేదు."

ఎందుకని నేను అడగలేదు. బొట్టు చూశాక అడగాల్సిన అవసరం కనిపించలేదు. యంత్రాలకు మొక్కడం, వాటిని తట్టి లేపడం ఇకపై కూడదని ఇంగ్లీషులో నోటీసు అంటించాను. గోవిందసామి దాన్ని ఎవరిచేతనో చదివించుకుని, నవ్వి, తన పని తను చేసుకుపోయాడు. మిగతావాళ్లు మాత్రం నా మాట విన్నారు.

ఒక మే నెలలో గోవిందసామి కంటి ఆపరేషనుకు ఫ్రెంచివాళ్ల పాత పేట వైట్ టౌన్‌లోని ఆసుపత్రిలో చేరాడు. అతని బదులు ఫిట్టరు పెరుమాళ్ మిల్లు చూస్తున్నాడు. పెరుమాళ్‌కు ఇద్దరు చిన్న ఆడపిల్లలు. మూడోసారి భార్య కడుపుతో ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. ఎప్పుడూ నాలుగుకు గాని వచ్చేది కాదు. అందరూ చెట్టు కింద భోజనాలకు కూర్చున్నారు. మూడింటికే కరెంటు వచ్చింది. కొలిమి పిండి కోసం కాచుకుని ఉంది, పెరుమాళ్ ఎక్కడా లేడు. టీకి పోయాడనుకుని, చిరాకుపడి, నేనే స్టార్టరు దగ్గరికి వెళ్లాను. పచ్చ మీట మీద బొటనవేలు పెట్టాను.

పీపా మీద దెబ్బ పడింది. ఆగి ఇంకొకటి. ఆగి మూడోది.

బరువైన స్పానరుతో కొట్టిన మోత అది. నేను ఆ చప్పుడు వందలసార్లు విన్నాను. పీపా పక్కన ఎవరూ లేరు. వేలు తీసేశాను. బయట రాయి జల్లించే అంజలై గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"గోవిందసామి అన్న వచ్చేసినాడా సార్? తట్టినట్టుండె?"

అప్పుడు పీపాను చుట్టి గోడవైపుకు వెళ్లాను. మనిషి దూరే కంత మూత తీసి ఉంది. లోపల గుండ్ల మీద పెరుమాళ్ స్పృహ లేకుండా పడున్నాడు. నాలుగు దాకా కరెంటు రాదనుకుని, పీపా లోపలి గోడకు వదులైన ఇనుప పలక బిగిద్దామని, ఎవరికీ చెప్పకుండా దిగాడు. పైన రేకు, చుట్టూ ఇనుము, మే నెల ఎండ. సొమ్మసిల్లిపోయాడు.

ఇంకో కూలీని కేకేసి, ముగ్గురం కలిసి బయటికి లాగాం. నీళ్లు కొట్టాక కళ్లు తెరిచాడు.

"మిల్లు తిప్పినారా సార్?"

"లేదురా."

"మరి నా తల ఎందుకు తిరగతా ఉండాది?"

అంజలై ఏడుస్తూనే వాణ్ణి తిట్టింది. "ఇద్దరు బిడ్డలుండారని మతి ఉండొద్దా నీకు, కడుపు మాడినోడా!" గోవిందసామి ఎందుకు తట్టేవాడో నాకప్పుడు తెలిసింది. ఆ మూడు దెబ్బలు పూజ కావు. లోపల ఎవరైనా ఉంటే బదులు కొట్టమని అడగడం. బదులు వచ్చేదీ లేనిదీ చెవిటివాడు పళ్లతో వినేవాడు. మూఢనమ్మకమని నేను మాన్పించింది ఒక మనిషి ప్రాణాన్ని కాపాడే పద్ధతిని. ఇంత తెలిసినవాణ్ణి, ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

నేను చూసినవి చూసినట్టు చెబుతాను. స్పానరు మేకుకే ఉంది, దాని మీద వారం రోజుల నల్ల దుమ్ము చెదరలేదు. పెరుమాళ్ తను కొట్టలేదంటాడు. మగతలో కొట్టి ఉండవచ్చు కదా అని, తర్వాత మంచి గాలి వీచే పూట, ఫ్యూజులు పీకి నా జేబులో పెట్టుకుని, వాణ్ణి లోపల కూర్చోబెట్టి కొట్టించాను. లోపలి దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది. మేం విన్నది ఖంగుమంది. ఎండకు ఇనుము చిటపటమంటుందేమోనని నాలుగు మధ్యాహ్నాలు పీపా పక్కన కూర్చున్నాను. చిటపటమంది. మేం విన్న మోత అలా లేదు.

ఇక్కడితో అయితే వదిలేసేవాణ్ణే.

పెరుమాళ్‌ను రిక్షాలో ఇంటికి పంపి, నోటీసు చింపి, సైకిలెక్కి నేరుగా ఆసుపత్రికి పోయాను. క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. మా మిల్లు నుంచి నాకంటే ముందు అక్కడికి ఎవరూ వెళ్లలేదు. ఫోనూ లేదు. గోవిందసామి రెండు కళ్లకూ కట్టుతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కన అతని భార్య విసురుతోంది. నేను ఆమెతో ఏమీ అనకముందే అతని చెయ్యి పట్టుకున్నాను. ఆసిడ్‌తో గరుకెక్కిన నా వేళ్లు తడిమి గుర్తుపట్టాడు.

"రావు సారా? పెరుమాళ్ బాగుండాడు గదా?"

నేను అతని అరచేతిలో వేలితో అరవ అక్షరాలు రాశాను. ఎవరు చెప్పారు?

"యాడ సార్ చెప్పేది, చెవులూ లేవు, కండ్లూ కట్టేసినారు. ఎందుకో అడగాలనిపించె. బాగుండాడా లేదా?"

భార్య వైపు చూశాను. "మద్యాన్నం నించీ ఇదే మాట అడగతా ఉండాడు" అంది.

బాగున్నాడని రాశాను. గోవిందసామి తల దిండు మీద వాల్చి, కాసేపటికే నిద్రపోయాడు.

నెల తిరక్కుండానే పెరుమాళ్‌కు కొడుకు పుట్టాడు. నేను వాదసభల్లో చాలామందిని నిలదీశాను, నాకు తెలియదు అన్నవాళ్లను వేదిక మీదే ఓడించాను. ఆ మధ్యాహ్నం మూడింటికి పీపా మీద కొట్టింది ఎవరో, గోవిందసామికి ఆ పేరే ఎందుకు నోట వచ్చిందో నాకు తెలియదు. దయ్యమని అనను. కాకతాళీయమని తేల్చేసి చేతులు దులుపుకోవడానికి కూడా మనసొప్పడం లేదు.