మూడంతస్తుల పూరిల్లు

మూడో వార్డు మెంబరుగా ఉన్న ఐదేళ్ళలో నేను పంచాయతీ మీటింగులో నోరు తెరిచి అడిగినవి రెండే. ఒకటి, ఫ్యాను తిరగడం లేదు, బాగుచేయించండి అని. రెండోది, ఇంటి పన్ను పెంచి బడికి ఖర్చుపెడదాం అని. మొదటి మాటకు వారంలో ఫ్యాను తిరిగింది. రెండో మాటకు మా అంగట్లో రెండు నెలలు సిమెంటు బస్తా కదల్లేదు.

నేను మెంబరునైంది నా గొప్పతనం వల్ల కాదు. ఆ వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. మా ఆయనకు సిమెంటు, కమ్మీల అంగడి ఉంది కాబట్టి ఊళ్ళో మమ్మల్ని తెలియనివాళ్ళు లేరు. పైగా నేను బుచ్చిరెడ్డిపాలెం నుంచి డిగ్రీ చదువుకుని వచ్చిన కోడల్ని. సంతకం పెట్టగలదు, నోరు మెదపదు అని నమ్మి నిలబెట్టారు. అందులో సగం నిజమే.

మాది సముద్రానికి దగ్గరి ఊరు. ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క చేపలు పట్టేవాళ్ళ పాలెం, రెంటికీ మధ్య రోడ్డు వార ఎలిమెంటరీ స్కూలు. ఆ స్కూల్లో పెద్ద గది స్లాబు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడుతోంది. ఉప్పుగాలికి లోపలి కమ్మీ తుప్పుపట్టి ఉబ్బితే పైన ఎంత సిమెంటు పూసినా నిలవదు. కమ్మీల అంగడి ఇల్లాలికి ఆ మాత్రం తెలుసు. అందుకని మూడు, నాలుగు తరగతుల పిల్లలు వరండాలో కూర్చునేవాళ్ళు. వాన వస్తే వాళ్ళంతా రెండో తరగతి గదిలో దూరేవాళ్ళు. ఆ రోజు రెండో తరగతి పిల్లలకు నాలుగో తరగతి పాఠం ఉచితం.

ఆ గది సంగతి చెప్పుకోవడానికి పెద్ద టీచరమ్మ ఒకరోజు పంచాయతీ మీటింగుకు వచ్చింది.

"గవర్నమెంటుకు రాసినాం గదమ్మా" అన్నాడు సర్పంచి.

"రాసినారు సార్. వాళ్ళు మళ్ళీ రాయమన్నారు."

"అయితే మళ్ళీ రాద్దాం."

సమస్య తీరిపోయినట్టు టీలు వచ్చాయి. పెద్ద టీచరమ్మ టీ తాగలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. చేతిలో ఒక స్లాబు పెచ్చు పట్టుకుని కూర్చుంది. ముందురోజు ఒక పిల్ల పలక మీద పడిందట అది. ఆ పెచ్చు చూస్తూ నేను, "ఇంటి పన్ను పెంచి, పెరిగిందంతా బడికి పెడదాం సార్" అనేశాను.

అందరూ తలెత్తి బాగుచేసిన ఫ్యాను వైపు చూశారు. సర్పంచి గ్లాసు కింద పెట్టి, "అమ్మా, వచ్చే ఏడు ఎలక్షన్లు" అన్నాడు, ఇంట్లో జబ్బు మనిషి పడుకుని ఉన్నాడు మెల్లగా మాట్లాడమన్నట్టు. కానీ పెద్ద టీచరమ్మ ఆ మాటను మీటింగు పుస్తకంలో రాయించేదాకా కుర్చీ వదల్లేదు. రాశాక గ్రామసభలో పెట్టక తప్పలేదు.

గ్రామసభ బడి వరండాలోనే జరిగింది. వచ్చినవాళ్ళందరికీ ఆ బడంటే ప్రాణమని ఆ రోజే తెలిసింది. రొయ్యల గుంటల పెద్దాయన ముందు మాట్లాడాడు. ఊళ్ళో మూడంతస్తుల మేడ ఆయనదొక్కటే. అందులో లిఫ్టు కూడా ఉంది.

"ఈ బడి నాకు కన్నతల్లి. నేను ఈడనే అఆలు దిద్దినాను" అని కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక, "కాకపోతే మా మనవళ్ళు నెల్లూరు వ్యానెక్కి పోతా ఉండారు. ఆడ ఫీజులు, ఈడ పన్నులు, ఎన్నని కట్టేది? మా పిల్లోళ్ళు రాని బడికి మేమెందుకు కట్టాల?" అన్నాడు.

"అన్నా, శ్మశానానికి రోడ్డెయ్యాలంటే అందరికంటే ముందు చందా ఇచ్చింది మీరే. దాన్ని మీరింకా వాడుకోలేదు గదా?" అన్నాను.

అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ మా ఆయన మాత్రం తల పట్టుకున్నాడు. ఆ పెద్దాయన మా అంగడికి పెద్ద గిరాకీ.

అప్పుడు పాలెం నుంచి వచ్చిన అక్క లేచింది. మా వీధిలో రోజూ చేపలమ్మే మనిషి. గంప పక్కన దించి, పన్ను రిజిస్టరు ఒళ్ళో పెట్టుకున్న పంచాయతీ సెక్రటరీ వైపు చెయ్యి చూపించింది. "అబ్బయా, పెంచేది తర్వాత సంగతి. మా కాలనీ ఇంటికి పన్నెంత, ఈ అన్న మేడకెంత? ఆ పుస్తకంలో ఏముందో సదివి ఇనిపీ."

సెక్రటరీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. అడిగితే చదవాలి కాబోలనుకుని చదివేశాడు. సునామీ తర్వాత ప్రభుత్వం కట్టించిన కాలనీ ఇళ్ళు ఒంటిగదివే అయినా స్లాబు ఇళ్ళు. రిజిస్టరులో కూడా స్లాబు అనే ఉంది, పన్నూ అలాగే పడింది. రొయ్యల పెద్దాయన ఇల్లు మాత్రం ఇంకా ఆయన నాయన పేరు మీదే ఉంది. దాని ఎదురుగా, "పూరిల్లు, ఒక గది" అని రాసి ఉంది. పన్ను కాలనీ ఇంటి పన్నులో సగం.

అక్క బుగ్గన వేలేసుకుంది. "ఆ పూరింట్లో లిఫ్టు యాడ పెట్టినావన్నా?"

ఈసారి నవ్వు ఫెళ్ళున వచ్చింది. వచ్చినంత తొందరగానే ఆగిపోయింది. ఎందుకంటే సెక్రటరీ పేజీ తిప్పబోతున్నాడు, తర్వాతి పేజీలో ఎవరి ఇల్లుందో ఎవరికి తెలుసు? ఆ రిజిస్టరు ప్రకారం పాలెం తప్ప మా ఊరు దాదాపు అంతా ఇంకా పూరిళ్ళే. ఇన్ని పూరిళ్ళున్న ఊళ్ళో ఇన్నేళ్ళలో ఒక్క అగ్గి ప్రమాదం జరగకపోవడం దేవుడి దయ.

చివరికి రేటు పెంచకుండా, ముందు ఇళ్ళన్నీ కొలవాలని, దాంతో పన్ను ఎంత పెరిగితే అంతా బడికి పెట్టాలని తేల్చారు. కొలిచేది సెక్రటరీ, నేను. సర్పంచి సంతోషంగా ఒప్పుకున్నాడు. కొలతలు అయ్యేలోపు ఎలక్షన్లు అయిపోతాయని ఆయన లెక్క.

ఇంటికి రాగానే మా ఆయన మొదలుపెట్టాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? మిద్దెలు కట్టేవాళ్ళు ఉండబట్టే మనకు కూడు. ఆ మిద్దెలకే పన్నెయ్యమంటావా?"

"పన్ను పడిందని మిద్దె మానేసి గుడిసెలో ఉంటారా ఎవరైనా?"

"గుడిసెలో ఉండరు. కోవూరు పోయి సిమెంటు కొనుక్కుంటారు."

ఆయన చెప్పిందే జరిగింది. మర్నాటి నుంచి మా అంగడి ముందు నుంచే కోవూరు సిమెంటు ట్రాక్టర్లు పోవడం మొదలైంది.

టేపు పట్టుకుని ఊళ్ళో తిరిగిన ఆ మూడు వారాలూ నేను చూసినవి చెబితే అతిశయోక్తి అనుకుంటారు. మేము వస్తున్నామని తెలియగానే ఇళ్ళు చిన్నవైపోయేవి. ఒక ఇంట్లో కొత్తగా కట్టిన పడగ్గదిలో బర్రెను కట్టేసి, "ఇది కొట్టం" అన్నారు. టైల్సు మీద కాళ్ళు జారి అది బెదిరిపోయి చూస్తోంది. గోడకు డ్రెస్సింగు అద్దం ఉంది. ఇంకొకాయన డాబా మీద రాత్రికి రాత్రి తాటాకు కప్పించి, "చూసుకోండి, పూరిల్లే" అన్నాడు.

"అన్నా, ఈ పూరింటికి స్లాబు పోసిన రోజు మా అంగట్లో సిమెంటు చాలక నెల్లూరు నుంచి తెప్పించినాము. మరిచిపోయినారా?" అన్నాను.

నాకున్న బలం అదొక్కటే. ఏ ఇంటికి ఎప్పుడు ఎంత కమ్మీ పోయిందో గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూసినదాన్ని. టేపు అబద్ధం చెప్పినా నాకు గుర్తుండేది.

ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన మమ్మల్ని పై అంతస్తు ఎక్కనివ్వలేదు. "పైనంతా పూజ గది. దేవుడికి కూడా పన్నేస్తారా?" అన్నాడు. సెక్రటరీ చెప్పులు విప్పి భక్తిగా పైకి వెళ్ళి, కాసేపటికి తల గోక్కుంటూ దిగివచ్చాడు.

"ఏసీ ఉంది, క్యారంబోర్డు ఉంది సార్. దేవుడు ఆడతాడా?"

పాలెంలో మాత్రం పని గంటల్లో అయిపోయింది. కొలవడానికేముంది, అన్నీ ఒకే కొలత. చేపల అక్క టేపు రెండో కొస తనే పట్టుకుంది. కొలిచాక చూస్తే ఆ ఇళ్ళు రిజిస్టరులో రాసినదానికంటే చిన్నవి. వాళ్ళు ఇన్నేళ్ళూ లేని జాగాకు పన్ను కట్టారు. సెక్రటరీ ఆ మాట చెబితే అక్క కోప్పడలేదు. నా వైపు తిరిగి, "మెంబరమ్మా, మీ పాప యాడ సదవతా ఉంది?" అని అడిగింది.

మా పాప అప్పుడు మూడో తరగతి. పొద్దున ఏడింటికి, రొయ్యల పెద్దాయన మనవళ్ళతో పాటు అదే వ్యానులో నెల్లూరు పోయేది.

"నెల్లూరులో అక్కా" అన్నాను.

"ఊఁ" అని టేపు వదిలేసింది. అది సర్రున చుట్టుకుపోయి నా వేలికి తగిలింది. ఆ ఒక్క అక్షరానికి నేను నాలుగు రోజులు నిద్రపోలేదు.

అన్నిటికంటే ఆఖరున మా ఇల్లు మిగిలింది. సెక్రటరీ మొహమాటపడుతూ వాకిట్లో నిలబడ్డాడు. రిజిస్టరులో మాది "పెంకుటిల్లు". అది మా మామగారి కాలం నాటి మాట. ఇప్పుడు కింద అంగడి, వెనక గోడౌను, పైన నాలుగు గదులు. అందులో రెండు రొయ్యపిల్లల హ్యాచరీలో పనిచేసేవాళ్ళకు బాడుగకు ఇచ్చాం. అన్నీ తెలిసి కూడా మా ఇంటి పేజీ ఎలా ఉందో చూడాలని నాకు ఒక్కరోజూ తోచలేదు. ఇంకొకరి బర్రెను చూసి నవ్వుకోవడంలో ఉన్నాను.

"గోడౌను రాయబాక. అది టెంపరవరీ" అన్నాడు మా ఆయన.

"వందేళ్ళయినా కదలదని మీరే గదా చెప్పింది, పిల్లర్లు లేపేటప్పుడు?"

"నువ్వు గమ్మున ఉండు."

నేను గమ్మున ఉండి టేపు కొస పట్టుకున్నాను. సెక్రటరీ రాసుకున్నాడు. ఊళ్ళో రొయ్యల పెద్దాయన తర్వాత పెద్ద పన్ను మాకే పడింది. మా ఆయన వారం రోజులు నాతో పాప ద్వారా మాట్లాడాడు. "మీ అమ్మను పులుసు పొయ్యమను." నేను పాపతో, "మీ నాయనను ముందు కంచం పెట్టుకోమను" అనేదాన్ని.

రేటు ఒక్క పైసా పెంచకుండానే, ఉన్న ఇళ్ళు ఉన్నట్టు రాసినందుకే, ఊరి మొత్తం పన్ను మూడింతలైంది. పాలెం వాళ్ళకు తగ్గింది. నోటీసులు వెళ్ళాయి. మండలాఫీసుకు అర్జీలు పోయాయి. అవి అక్కడ కొన్నాళ్ళు ఉండి మళ్ళీ పంచాయతీకే వచ్చాయి. ఎవరూ కట్టలేదు, మా ఆయనతో సహా. సర్పంచి నాకు ఎదురుపడితే చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూసేవాడు.

అలాంటి సమయంలో ఒకరోజు పొద్దున్నే రొయ్యల పెద్దాయన పట్టుపంచె కట్టుకుని, ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. పన్ను మొత్తం కట్టాడు. రసీదు పట్టుకుని మూడు వైపుల నుంచి ఫోటో తీయించుకున్నాడు. సాయంత్రానికి రోడ్డు మలుపులో ఫ్లెక్సీ లేచింది: "మన బడి పునరుద్ధరణకు భూరి విరాళమిచ్చిన మహాదాత."

సెక్రటరీ ఆయాసపడుతూ మా అంగడికి వచ్చాడు. "మేడం, నేను పన్ను రసీదే ఇచ్చినాను. విరాళం అని ఎక్కడా రాయలేదు. ఫ్లెక్సీ ఆయన సొంతం."

నాకు ఒళ్ళు మండింది. కట్టవలసిన పన్ను ఇన్నేళ్ళు ఎగ్గొట్టి, కట్టిన రోజున దాత ఎలా అవుతాడని పెద్ద టీచరమ్మ దగ్గరికి పోయి అరిచాను. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి చేతులు దులుపుకుంది.

"ఆయన ఏమనుకుంటే మనకేంటమ్మా? స్లాబుకు తెలుస్తుందా అది పన్నో, దానమో?"

ఆమె అంతటితో ఆగలేదు. పెయింటరును పిలిచి, బాగుచేయబోయే గది బయటి గోడ మీద నీలిరంగుతో ఆయన పేరు రాయించింది. వారం తిరగకముందే బర్రెవాళ్ళు వచ్చారు, తాటాకాయన వచ్చాడు. పూజగది ఆయన, తన పేరు పక్కన తన పాత హోదా కూడా రాస్తారా అని అడిగి మరీ కట్టాడు. నోటీసులకు రాని మనుషులు నీలిరంగుకు వచ్చారు. చేపల అక్కను కూడా పేరు రాయించమంటావా అని టీచరమ్మ అడిగిందట. "బస్సులో టిక్కెట్టు తీసుకుంటే బస్సు మీద పేరు రాస్తారా యాడన్నా?" అని గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయిందట.

గది బాగైంది. మంచి కమ్మీ వేసి, స్లాబు మళ్ళీ పోశారు. మూడు, నాలుగు తరగతులు లోపలికి వెళ్ళాయి. ఇక మా పాపను ఇక్కడే చేర్పిద్దామని ఇంట్లో అన్నాను. "ముందు గది ఆరనీ" అన్నాడు మా ఆయన. ఆరింది. "వ్యాను ఫీజు సంవత్సరానికి కట్టేసినాం" అన్నాడు. ఆ సంవత్సరమూ అయింది. "స్నేహితులను వదిలి వస్తుందా పాపం" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన ప్రతి సాకుకూ లోలోపల నాకు కాస్త హాయిగానే ఉండేది. ఇలా మేము ఆలోచిస్తూ ఉండగానే పాప ఐదో తరగతి పాసైపోయింది. ఆ తర్వాత చేపల అక్క మా వాకిట్లో గంప దించినప్పుడల్లా నేను బేరం ఆడటం మానేశాను. ఆమె దాన్ని గమనించి ధర పెంచింది. అదొక్కటీ నేను సక్రమంగా కట్టిన పన్ను.

పన్ను వసూలుకు రెండో ఏడు మళ్ళీ ఇబ్బంది వచ్చింది. ఎలక్షన్లకు ఇంకా కొన్ని నెలలున్నాయి, నోటీసులు పోయాయి, ఎవరూ రాలేదు. సెక్రటరీ నలుగురిని అడిగి చూస్తే, గోడ మీద జాగా లేదు గదా అన్నారట. నిజమే, గది గోడ పేర్లతో నిండిపోయింది. ఎక్కాలు రాయించడానికి కూడా చోటు మిగల్లేదు.

"అయితే ప్రహరీ కడదాం సార్" అంది పెద్ద టీచరమ్మ సర్పంచితో. "బడికి ఎట్టాగూ గోడ లేదు, పశువులొస్తా ఉండాయి."

మొదటి ఏడు మిగిలిన డబ్బుతో ముందు రోడ్డు వైపు గోడ లేచింది. ముందు కట్టినవాళ్ళ పేర్లు రోడ్డు వైపు, ఆలస్యంగా కట్టినవాళ్ళవి లోపలి వైపు అని సెక్రటరీ ఊళ్ళో టముకు వేయించాడు. ఆ మర్నాడు నేను పంచాయతీ ఆఫీసుకు పోయేసరికి ఇంకా తాళం తీయలేదు. మెట్ల మీద ఏడెనిమిది మంది కూర్చుని, ఎవరు ముందు వచ్చారో తేలక వాదులాడుకుంటున్నారు. వాళ్ళలో అందరికంటే పై మెట్టు మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, మా ఆయన ఉన్నాడు.