మైకు వెనక మా మామ

మొన్న పొద్దున మిర్యాలగూడ బస్సు డ్రైవరు మా ఇంటికొచ్చి, మామ పోయాడని చెప్పాడు. ఊళ్లలో పోరాటం రేగిన ఈ రెండుమూడేళ్లుగా చావు కబుర్లు విని విని సూర్యాపేట అలసిపోయింది. నాకూ ఏడ్చే ఓపిక లేకపోయింది. అమ్మను తీసుకొని అదే బస్సెక్కాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మద్రాసులో ఒక గ్రామఫోను కంపెనీలో పాటలను ప్లేట్లకెక్కించేవాడు. పాడేవాళ్లను వెతికి తేవడం, ఎవరు మైకుకు ఎంత దూరంలో నిలబడాలో చూడటం, మైనపు పలక మీద సూది దించడం, అన్నీ ఆయన పనులే. ప్లేటు మీద మాత్రం ఆయన పేరుండేది కాదు. అడిగితే, "వంట బాగుంటే చాలు, పొయ్యి పేరెవరడుగుతరు?" అనేవాడు.

ఎవరింటికెళ్లినా గడప దాటగానే ఒక చప్పట కొట్టి చెవి ఒగ్గేవాడు, గదిలో గొంతు ఎలా మోగుతుందో తెలుసుకోవడానికి. కోదాడలో నా పెళ్లిచూపులప్పుడూ అలాగే కొడితే పిల్ల తండ్రి హడలిపోయాడు. గాజుల చప్పుడు పాటలో పడకుండా, పాడేవాళ్లవి తీయించి జేబులో వేసుకునేవాడు, మరిచిపోయి ఇంటికి తెచ్చేవాడు. అత్త పెట్టే చీవాట్లకు లెక్కలేదు.

అమ్మ బతుకమ్మ పాట ఎత్తుకుంటే వీధంతా వచ్చి చేరేది. అలాంటి గొంతులో గడ్డ లేచింది. కోత పెడితే మాట పోవచ్చని దవాఖానలో చెప్పారు. మామ దారి పొడవునా పోలీసు సోదాలు తట్టుకుంటూ వచ్చి, ముందు పాట పట్టుకుందామని మమ్మల్ని మద్రాసు తీసుకెళ్లాడు.

అమ్మను మైకు ముందు నిలబెట్టి, ఎర్రదీపం ఆరేదాకా మాట్లాడొద్దని చెప్పాడు. అమ్మ నొప్పి దిగమింగుకుంటూ చివరిదాకా పాడింది. దీపం ఆరకముందే ఆయన వైపు తిరిగి అడిగేసింది.

"అయిపోయిందా తమ్మీ?"

ఆ మాటా పలకకెక్కింది. అలా చెడిపోయిన మైనాన్ని గీకేసి మళ్లీ పాడించాలి. అమ్మకు గొంతు మళ్లీ లేవలేదు. మామ ఆ పలకనే అచ్చుకు పంపాడు. కంపెనీ ఆ ప్లేటును అమ్మకానికి పెట్టనంది, ఆయన్నూ పనిలోంచి తీసి ఇంటికి పంపింది. నమూనా ప్లేటొకటి అమ్మ చేతిలో పెట్టి, మిర్యాలగూడలో బియ్యం మిల్లు పనికి కుదిరాడు. ఆ దుమ్ముకే దగ్గు పట్టింది, చివరికి అదే ఆయన్ను తీసుకెళ్లింది. ఒక్క మాట కోసం బతుకు పాడుచేసుకున్నాడని నాకు కోపం, ఇప్పటికీ ఉంది. ఆ మాటే అంటే నవ్వాడు.

"పాట ఎవరన్న పాడతరు. గట్ల పిలిచేది అక్క ఒక్కతే గద."

కోత తర్వాత అమ్మకు మాట పోయింది. మామ శవం చుట్టూ ఆడవాళ్లంతా వరసలు పెట్టి ఏడుస్తుంటే, ఆమె నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. లేచి లోపలికెళ్లి, మామ గ్రామఫోను తెచ్చి ఆయన తలాపున పెట్టింది. కొంగులో చుట్టి తెచ్చిన ప్లేటు తీసి సూది దించింది. ఏడుపులు ఆగిపోయాయి. పాట అయిపోయింది. చివర అమ్మ గొంతు తమ్ముణ్ణి పిలిచింది. పాడె ఎత్తడానికి వంగినవాళ్లు అలాగే ఉండిపోయారు. ప్లేటు గరగరమని తిరుగుతూనే ఉంది, అమ్మ సూది తీయలేదు.