పొత్తిగుడ్డలు చింపిన మధ్యాహ్నాలు

మొన్న బాపట్లలో మా డాక్టర్ల భార్యల సంఘం వాళ్ళు పాత సభ్యురాలినని నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. మెడ దగ్గర జరీ గుచ్చుకుంటుంటే ఇంటికి వచ్చేదాకా ఓర్చుకుని, మంచం మీద పరిచి చేత్తో తడిమి చూశాను. అట్టముక్కలా ఉంది. పసిబిడ్డకు చుట్టడానికి పనికొచ్చేది కాదు. బట్ట ఏది కనిపించినా నాకు ముందు వచ్చే ఆలోచన అదే, ఎందుకంటే ఒకప్పుడు ఆ సంఘం చేసిన పనల్లా అదే.

మా ఆయన రేపల్లెలో ప్రాక్టీసు పెట్టేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. భట్టిప్రోలులో పొలం పనుల మధ్య పెరిగి, మేనబావ డాక్టరు చదువుకు వెళ్ళకముందే ఆయన్ని చేసుకున్నదాన్ని. సంఘంలో తక్కినవాళ్ళంతా కాలేజీలు చూసినవాళ్ళు. మాలో మాకు పేర్లుండేవి కావు, కంటి డాక్టరుగారి భార్య, ఎముకల డాక్టరుగారి భార్య, అంతే. తెనాలి నుంచి, బాపట్ల నుంచి పాత నేతచీరలు మూటలు కట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. పుట్టిన బిడ్డకు పురుడు వెళ్ళేదాకా కొత్తబట్ట వెయ్యరు కదా, ఉతికి ఉతికి మెత్తబడిన చీరే కావాలి. వాటిని అండాలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, వసారాలో కూర్చుని చింపేవాళ్ళం. చీర చింపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒక కొస ఒకరు పట్టుకుంటే రెండో కొస ఇంకొకరు పట్టుకుని లాగాలి. అలా ఎదురెదురుగా కూర్చున్న ఆడవాళ్ళు ఇంట్లో చెప్పుకోలేని మాటలన్నీ ఆ చర్రుమనే చప్పుడు చాటున చెప్పుకునేవాళ్ళు, చదువు లేని నా ముందు కూడా. మూటలు సర్కారు ఆసుపత్రి పురిటి వార్డుకు మేమే పట్టుకెళ్ళేవాళ్ళం.

తర్వాత తర్వాత వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లల చదువులని కొందరు ఊళ్ళు మారారు, కొందరికి తీరిక లేదు. అప్పుడు అధ్యక్షురాలైన ఎముకల డాక్టరుగారి భార్య, సంఘం చచ్చిపోతోంది, బతికించుకోవాలంటే వ్యూహ ప్రణాళిక వేసుకోవాలని, కంపెనీలకు అలాంటివి వేసిపెట్టే ఒకాయన్ని హైదరాబాదు నుంచి పిలిపించింది. తెనాలిలో హోటలు హాల్లో సమావేశం. ప్రతివాళ్ళూ సంఘం ఏం చెయ్యాలో రంగుకాగితం మీద రాసి బోర్డుకు అంటించాలని ముందే కబురు చేశారు. అది విన్న మర్నాడే నేను పక్కింటి రిటైరైన టీచరమ్మ దగ్గరకు పలక పట్టుకెళ్ళాను. అప్పటికి నాకు మనవలు పుట్టారు. నా వసారా పని నిలబడాలంటే నా చేత్తో నేనే రాయాలని పట్టుబట్టి నేర్చుకున్నాను.

బోర్డు మీద నేను పెద్ద పెద్ద అక్షరాలతో ‘పొత్తిగుడ్డలు’ అని రాసి అంటించాను. ఆ పెద్దమనిషి చదివి, “ఇదేంటండి?” అన్నాడు. హాలంతా నవ్వు.

“అక్కయ్యగారూ, ఇంకా పాతబట్టలేంటండి? డాక్టర్ల కుటుంబాలం, చింపిన గుడ్డలు పంచుతున్నామంటే నలుగురూ ఏమనుకుంటారు?” అంది ఎముకల డాక్టరుగారి భార్య.

“పురుడు వెళ్ళేదాకా కొత్తది వెయ్యరు కదమ్మా,” అన్నాను.

“అలాంటివి మాన్పించడానికేగా మనం ఉన్నది!” అంది. చప్పట్లు కొట్టారు. వాటిలో మా వసారాలో నాకెదురుగా రెండో కొస పట్టుకుని ఏడ్చిన కంటి డాక్టరుగారి భార్య చప్పట్లు కూడా ఉన్నాయి. కాగితాలన్నీ గుంపులు చేసినప్పుడు నాది ఏ గుంపులోనూ ఇమడలేదు. ‘ఇతరములు’ అన్న మాట కింద ఒంటరిగా అంటించారు. నేర్చుకున్న చదువుతో ఆ మాట కూడా చదువుకున్నాను.

ప్రణాళిక ఫలించింది, కాదనను. మూడు ఊళ్ళలో శాఖలు వచ్చాయి, కొత్త సభ్యులు చేరారు. లేసులు కుట్టిన కొత్త బట్టల సెట్లు, సంఘం పేరు అచ్చువేసిన కవర్లలో పెట్టి పంచడం మొదలుపెట్టారు. పాతబట్టలు సంఘం పేరు మీద ఇవ్వకూడదని తీర్మానం కూడా చేశారు. మొదటిసారి రేపల్లె ఆసుపత్రిలో పంచినప్పుడు నేనూ వెళ్ళాను. ఫోటో తీసి అందరూ పక్క మంచానికి కదలగానే, ఒక బాలింతరాలి తల్లి ఆ కవరు భద్రంగా సంచిలో దాచేసి నా చెయ్యి పట్టుకుంది.

“పురుడు వెళ్ళాక వేస్తామండి, బాగుంది. ఇప్పటికి మెత్తటి గుడ్డ ఏమన్నా ఉంటే ఇప్పించండమ్మా, మా ఆయన లుంగీ చింపి చుట్టాం, అదీ తడిసిపోయింది.”

నా చేతుల్లో ఇంకో కవరే ఉంది. “అక్కయ్యగారూ, ఇటు చూడండి, ఫోటో!” అని అవతల నుంచి పిలిచారు.

ఆ తర్వాత మా వసారాకు మూటలు రాలేదు. సంఘానికి ఇప్పుడు ఏసీ హాలుంది, నాకు కప్పడానికి శాలువా ఉంది. మా మనవరాలికి నెలలు నిండాయి. పొత్తిగుడ్డలకు పాతచీర ఏమైనా ఉందా అంటే మా కోడలు, అన్నీ ఆన్‌లైన్లో వస్తాయత్తయ్యా అంది. బీరువా అడుగున మా అత్తగారి చీరాల నేతచీర ఒకటి దొరికింది. నిన్న మధ్యాహ్నం దాని ఒక కొస మంచం కోడుకు ముడివేసి, రెండో కొస పట్టుకుని లాగాను. చర్రుమంది, అదే చప్పుడు. అలవాటు కొద్దీ తలెత్తి ఎదురుగా చూశాను.